నోరు తిరగని మాట

మేడ మీది వాటా,
జనవరి

అరసున్నకి,

నువ్వు క్షేమమా అని అడగను. ప్రెస్సులో ఎవరితోనో ఒకరితో పోట్లాడుతున్నంత కాలం నువ్వు క్షేమమే. మేమూ బాగున్నాం.

కొత్త నవల మొదటి మూడు అధ్యాయాలు ఈ కట్టలో పంపుతున్నాను. ఈసారి ప్రచురణకర్త కొత్తాయన కదా, మొన్న మా ఓడరేవు ఆఫీసుకి వచ్చి మన పని పద్ధతి ఏమిటని అడిగారు. చెప్పాను. నేను మూల భాషలోంచి తెలుగులోకి దింపుతాను. మా ఆయన దాన్ని పైకి చదువుతారు, తడబడిన చోటల్లా పెన్సిల్‌తో చుక్క పెడతారు. ఆ చుక్కల కాగితాలు మా ఆడపడుచుకి, అంటే నీకు, వెళతాయి. చుక్క అవసరం లేకుండా పోయేదాకా ఆమె వాక్యాన్ని తోముతుంది. మా ఇద్దరికీ ఏ మాట దగ్గరైనా పేచీ వస్తే రెండూ ఆయన చదువుతారు, ఆయన నోటికి ఏది నున్నగా వస్తే అదే ఖాయం. అంతా విని, "రేడియోలో వార్తలు చదివి రిటైరైన మనిషికి ఇంట్లో మంచి ఉద్యోగమే దొరికింది" అన్నారాయన. సెలవులు లేని ఉద్యోగమని చెప్పాను.

ఇందులో ఒక మాట నా ప్రాణం తీస్తోంది. ఏల్వక్. నవల పేరే అది. నవల పుట్టిన దేశంలో గోడకి కొత్తగా సున్నం పూశాక తాపీ మేస్త్రీ ఒక చెక్కముక్క మీద ఈ మాట రాసి వేలాడదీస్తాడు. గోడ ఇంకా పచ్చిగా ఉంది, ఆనుకోవద్దు, చెయ్యి వెయ్యొద్దు అని. అది అసలు అర్థం. మనిషిని కూడా ఆ మాట అంటారు. ఇంట్లో ఎవరో పోయినవాణ్ణి, పెద్ద దెబ్బ తిన్నవాణ్ణి "వాడు ఏల్వక్" అంటారు. వాడి జోలికి వెళ్ళకండి, ఏమీ అడక్కండి, ఆరేదాకా వదిలేయండి అని. కథలో మేస్త్రీ భార్య పోతుంది. ఊరంతా ఆ మాట అనేసి అతన్ని తప్పించుకు తిరుగుతుంది. ఒక పేజీలో గోడ, ఇంకో పేజీలో మనిషి, మాట మాత్రం ఒకటే.

ప్రస్తుతానికి "పచ్చి గోడ" అని పెట్టాను. గోడకి సరిపోయింది కానీ మనిషి దగ్గర ఇరుక్కున్నాను. నీ బుర్రకి కొంచెం పని పెట్టు.

మీ అన్నయ్య ఈసారి కింద రెండు ముక్కలు రాయలేదు. చుక్కలే ఉత్తరమనుకో.

వదిన


ప్రెస్సు, ప్రూఫుల గది,
జనవరి నెలాఖరు

వదినా,

కట్ట అందింది. మొదటి అధ్యాయం చక్కగా దిగింది. రెండోదానిలో నీ ఓడరేవు భాష అక్కడక్కడ కాలికి తగిలింది. "సదరు మేస్త్రీ" అని రాశావు. పెళ్ళాం పోయిన మనిషిని సదరు అనకు వదినా, పాడైపోయిన సరుకనుకుంటారు.

ఇక మాట సంగతి. "పచ్చి గోడ" అని మా ఫోర్‌మన్‌తో అని చూశాను. "బూతులు రాసిన గోడాండీ?" అన్నాడు. పచ్చి అనగానే జనం బుర్ర బూతుల మీదికో అబద్ధాల మీదికో తాగుబోతుల మీదికో పోతుంది. "పచ్చి మనిషి" అంటే ఇంకా ఘోరం. "ఆరని మనిషి" అనుకుని చూశాను, అదేదో దీపం అనుకుంటారు. నా ఓటు "తాకరాదు"కి. గోడ మీదా రాయొచ్చు, మనిషి గురించీ అనొచ్చు. పచ్చి గోడా, తాకరాదా? రెండూ అన్నయ్య చేత చదివించు.

అన్నయ్య అంటే గుర్తొచ్చింది. గుర్తొచ్చింది అని ఊరికే రాశాను, పొద్దున్నుంచీ ఇదే ఆలోచిస్తున్నాను. అన్నయ్యకి నా మీద కోపమా? పోయినసారి మీ ఇంటికి వచ్చినప్పుడు ఒక వాక్యం దగ్గర వాదన వచ్చింది. నవలంటే వార్తల బులెటిన్ కాదు, ప్రతి వాక్యమూ నీ ఊపిరి కొలతకి కుట్టించుకోనక్కర్లేదు అన్నాను. అప్పుడు నవ్వాడు. నవ్వి, గ్లాసుడు మంచినీళ్ళు తాగి, లోపలికి వెళ్ళి పడుకున్నాడు. ఆ నీళ్ళు తాగడం నాకు నచ్చలేదు. ఇప్పుడు చూస్తే ఉత్తరం కింద రెండు ముక్కలు కూడా లేవు. ఆదివారం మీ కింద మందుల షాపుకి ఫోన్ చేస్తే నువ్వే దిగి వచ్చి, అన్నయ్య వాకింగ్‌కి వెళ్ళాడన్నావు. వీధి చివర పోస్టు డబ్బా దాకా వెళ్ళమంటేనే మోకాళ్ళు చూపించే మనిషి, వాకింగ్‌కి వెళ్ళాడా?

నాకు పుట్టింటి తరఫున మిగిలింది అన్నయ్య ఒక్కడే. అలిగితే అలిగానని చెప్పమను, ఆ గొంతుతో నాలుగు తిట్టమను. క్షమాపణ మాత్రం చెప్పను. ఆ వాక్యం నిజంగానే బాగాలేదు.

అరసున్న


మేడ మీది వాటా,
ఫిబ్రవరి

అరసున్నకి,

మీ అన్నయ్యకి ఎవరి మీదా కోపం లేదు. చలికి గొంతు పట్టేసింది. డాక్టరు ఎక్కువ మాట్లాడొద్దన్నారు. నీకు తెలుసుగా, గొంతు విషయంలో ఆయన ఎంత చాదస్తమో.

"తాకరాదు" నాకు నచ్చలేదు. కరెంటు స్తంభం మీద పుర్రె బొమ్మ కింద రాసే మాటలా ఉంది. ఊరివాళ్ళు ఆ మేస్త్రీ మీద జాలితో అనే మాట అది, భయంతో కాదు. నేను పగలంతా సరుకుల కాగితాలు తెలుగు చేసే దుబాసీని. ఓడరేవులో ఒక మాటకి రెండు అర్థాలు వస్తే ఓడలోంచి సరుకు దింపనివ్వరు. గోడ అంటే గోడే రాయాలి, మిగతాది చదివేవాళ్ళు చూసుకుంటారు. అయినా మన పద్ధతి ప్రకారం రెండూ చదివించాను. మీ అన్నయ్య ఓటు "పచ్చి గోడ"కే.

నాలుగు నుంచి ఏడు దాకా అధ్యాయాలు వారంలో పంపుతాను.

వదిన


ప్రెస్సు, ప్రూఫుల గది,
ఫిబ్రవరి, ఆదివారం మర్నాడు

వదినా,

గొంతు పట్టేసిన మనిషి చేత రెండూ చదివించావా? సరే.

నిన్న మళ్ళీ ఫోన్ చేశాను. పడుకున్నారన్నావు. నీ వెనక మందుల షాపాయన ఎవరితోనో "పాపం" అనడం వినిపించింది. ఎవరి గురించో నాకెందుకులే అనుకున్నాను. ఇంటికొచ్చి కూడా అదే అనుకున్నాను.

అన్నయ్యని ఒక్క ముక్క రాయమను. "ఛీ" అని రాసినా చాలు.

అరసున్న


ప్రెస్సు, ప్రూఫుల గది,
మార్చి

వదినా,

రెండో కట్ట చూశాను. ఇవి అన్నయ్య చుక్కలు కావు.

అన్నయ్య కష్టమైన మాట దగ్గర ఎప్పుడూ చుక్క పెట్టడు. అలాంటిది కనిపిస్తే మిఠాయి దొరికినట్టు చదువుతాడు. ఏ దేశాధ్యక్షుడి పేరు ముందు పెట్టినా అవలీలగా తిప్పేసిన నోరు అది. అన్నయ్య తడబడేది ఊపిరి దగ్గర. వాక్యం పొడుగైతే క్రియాపదం రాకముందే గాలి అయిపోతుంది, చుక్క అక్కడ పడుతుంది. ఈ కట్టలో కష్టమైన మాట కనిపించిన చోటల్లా బుద్ధిగా ఒక చుక్క ఉంది. అయిదో అధ్యాయంలో మేస్త్రీ శవపేటిక వెనక నడిచే వాక్యం పేజీ దాటి సాగింది, దానికి ఒక్కటీ లేదు. అన్నయ్య దాన్ని నిజంగా చదివుంటే మధ్యలో కూర్చోవడానికి కుర్చీ అడిగేవాడు. ఇక్కడ పప్పులో కాలేశావు వదినా. కళ్ళతో చదివేవాళ్ళు పెట్టే చుక్కలివి.

అంటే అన్నయ్యకి నా మీద ఎంత కోపం వచ్చిందంటే, నేను తోమబోయే కాగితాన్ని కూడా చదవనంటున్నాడు. నువ్వు మధ్యలో పడి ఇద్దరికీ సర్దిచెప్పలేక చుక్కలు పెడుతున్నావు. అంతేనా? అంతే అయితే నాకు చెప్పెయ్. ఇంతమాత్రానికి నటించనక్కర్లేదు. బులెటిన్ అన్నందుకు తప్పయిందని కూడా రాస్తాను. అదుగో, రాసేశాను. చూపించు.

అరసున్న


మేడ మీది వాటా,
మార్చి

అరసున్నకి,

చుక్కలు నావే. కోపం మాత్రం ఎవరికీ లేదు.

డిసెంబరులో మీ అన్నయ్యకి మాట పడిపోయింది.

మొదటి అధ్యాయం బాగానే చదివారు, అందులో చుక్కలు ఆయనవే. మర్నాడు పొద్దున రెండోది తీసుకుని కిటికీ దగ్గర కూర్చున్నారు. నేను ఆఫీసుకి చెప్పులు వేసుకుంటూ వింటున్నాను. వాక్యం సగంలో ఆగింది. చుక్క పెట్టడానికి ఆగారనుకున్నాను. పెన్సిల్ కింద పడి మంచం కిందికి దొర్లింది. ఆయన దాని వంక చూడను కూడా చూడలేదు. మందుల షాపాయనా నేనూ కలిసి మెట్లు దింపి ఆస్పత్రికి తీసుకెళ్ళాం. కాలూ చెయ్యీ నెల తిరిగేసరికి చాలావరకు దారికొచ్చాయి. మెల్లిగా నడుస్తారు, కాగితం మీద వంకరగా రాస్తారు. మనం అన్నవన్నీ అర్థమవుతాయి, లోపల మాటలన్నీ ఉన్నాయి. నాలుకే తిరగదు. ఒత్తులున్న మాట ముద్దగా వస్తుంది, పొడుగు మాట మధ్యలో విరిగిపోతుంది. పక్కనే ఉండే నాకే సగం అర్థం కాదు.

ఇంటికొచ్చిన రోజు ఒక కాగితం మీద రాసి నా చేతికిచ్చారు. "దానికి వినిపించకు" అని. దానికి అంటే నీకు. చెప్పకు అని కాదు, వినిపించకు అని. ఒకటి చేసి రెండోది చెయ్యకుండా ఉండడం ఎలాగో నాకు తెలియలేదు, అందుకని రెండూ మానేశాను. నీకు చెబితే ఆ పూటే బయల్దేరి వస్తావు. వచ్చి "అన్నయ్యా" అంటావు. ఆయన పలకాలి. ఇన్నేళ్ళు ఆ గొంతుతోనే బతికిన మనిషి, నీ ముందు ముద్ద మాట మాట్లాడడం కంటే చచ్చిపోవడం నయమనుకుంటున్నారు. ఇది నా ఊహ కాదు, అదీ రాసి చూపించారు.

చుక్కలు ఎందుకు పెట్టానంటే, అవి లేకుండా కట్ట వస్తే నీకు అనుమానం వస్తుందని. పెన్సిల్ పట్టుకుని, ఆయనైతే ఎక్కడ ఆగేవారో అని కాగితమంతా వెతికాను. పెళ్ళయినప్పటినుంచీ పక్కన కూర్చుని విన్నాను. ఆయన ఎక్కడ ఊపిరి తీసుకుంటారో నాకు తెలియలేదు, నీకు తెలిసింది. అందుకు నీ మీద కుళ్ళుకున్నాను కూడా.

"పచ్చి గోడ" ఓటు కూడా నేనే వేసుకున్నాను. మాట పడిపోయిన మనిషి పేరు చెప్పి నా మాట నెగ్గించుకున్నాను. అన్నిటికంటే దానికి సిగ్గుపడుతున్నాను.

వదిన


ప్రెస్సు,
మార్చి

వదినా,

ఆ నవల్లో ఊరివాళ్ళు మేస్త్రీ ఇంటికి ఆ చెక్కముక్క తగిలించారు. మీ ఇంటికి మీరిద్దరే తగిలించుకున్నారు. నేను చదవగలననే సంగతి మర్చిపోయారు.

అన్నయ్య పడిపోయిన రోజు నేనిక్కడ కామాలు దిద్దుకుంటూ ఉన్నాను. తర్వాత రెండు నెలలు అలిగాడనుకుని లోపల్లోపల తిట్టుకున్నాను. నువ్వు తిట్టుకోనిచ్చావు. ఇది నేను అంత తొందరగా మర్చిపోను.

టికెట్ కొన్నాను. శనివారానికి అక్కడుంటాను.

అరసున్న


మేడ మీది వాటా,
మార్చి

అరసున్నకి,

కోప్పడు. నేను కాదనను.

నీ ఉత్తరం ఆయనే చదివారు. టికెట్ దగ్గరికి రాగానే లేచి లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు. సాయంత్రం బయటికొచ్చి కాగితం ఇచ్చారు. "వస్తే నోరు తెరవను. వచ్చి ఏం చూస్తుంది?" అని ఉంది. ఆయన మొండితనం నీకు కొత్తేం కాదు, మీ ఇద్దరికీ ఒకే చోటినుంచి వచ్చింది.

నేను రావద్దని చెప్పను. నాకు మనిషి తోడు కావాలనే ఉంది. కానీ నా భయం వేరే. రోజూ గట్టిగా చదవాలి, నాలుకకి అదే మందు అని డాక్టరు చెప్పారు. చదవకుండా కూర్చుంటే ఇప్పుడున్న కాస్త మాట కూడా గట్టిపడి అలాగే ఉండిపోతుందట. మొదట్లో ఒక పాత బులెటిన్ కాగితం తీసి ప్రయత్నించారు. రెండు వాక్యాలకి చెమట పట్టింది, అన్నీ ఒత్తులే, అన్నీ ఈడ్చిన మాటలే. దాన్ని సొరుగులో పడేశారు. పిల్లల వాచకం తెచ్చిచ్చాను. నా వంక ఒక చూపు చూశారు. ఆ చూపు నువ్వు చూడలేదు కాబట్టి బతికిపోయావు. అప్పట్నుంచీ చదవడం లేదు. కాగితం మీద రాసి చూపిస్తే పని జరిగిపోతోంది, ఇంక నోరెందుకన్నట్టున్నారు. నువ్వొస్తే ఆ మూసిన నోరు పూర్తిగా మూసుకుపోతుందేమోనని నా భయం.

ఏం చెయ్యాలో నాకు తోచడం లేదు. నీకేమైనా తోస్తే రాయి.

వదిన


ప్రెస్సు, ప్రూఫుల గది,
ఏప్రిల్

అన్నయ్యకి,

టికెట్ వాపసు ఇచ్చేశాను. ఇక తలుపు తియ్యి.

ముందు రెండు మాటలు చెప్పుకోనీ. నువ్వు అలిగావనుకున్నన్నాళ్ళూ నాకు తిండి సయించలేదు. అలగలేదని తెలిసి సంతోషించబోయేలోపు అసలు సంగతి తెలిసింది. ఏడ్చాను. ఒకసారి ఏడ్చాను, అయిపోయింది. నిన్ను చూసి మళ్ళీ ఏడవను, ఆ భయం పెట్టుకోకు.

ఇప్పుడు పని. ఆఖరి అధ్యాయం వదిన దింపింది నా దగ్గరుంది. భార్య పోయాక ఎవరితోనూ మాట్లాడని మేస్త్రీ దగ్గరికి కూతురు వస్తుంది. అతను మొదటిసారి నోరు విప్పి, గోడ పూత ఎలా వెయ్యాలో ఆమెకి చెబుతాడు. అధ్యాయమంతా అతని మాటలే. నేనూ వదినా కలిసి అతని చేత ఏం మాట్లాడించామో తెలుసా? "అనంతరం పూతను సమతలంగా విస్తరింపజేయవలెను." ఇటుకలు మోసిన మనిషి, ఎన్నో వారాల తర్వాత నోరు తెరిచి, ఇదా అంటాడు? సభలో ఉపన్యాసం అనుకున్నాం కాబోలు.

అందుకని దాన్ని విరిచాను. పొడుగు మాటలు తీసేశాను. పీకగలిగిన ఒత్తులన్నీ పీకేశాను. వాక్యానికి నాలుగైదు మాటలు మించనివ్వలేదు. ఇది నీ మీద జాలితో చేశానని అనుకుంటే అనుకో, మేస్త్రీ మీద జాలితో కూడా చేశాను. అతనికీ నాలుక తిరగదు. అతని నోట్లో ఏ మాట నిలుస్తుందో నాకెలా తెలుస్తుంది? వదినకీ తెలియదు, తన పాండిత్యం మనం చూశాం. తెలిసినవాడివి నువ్వొక్కడివే.

పైకి చదువు. తలుపేసుకునే చదువు, నాకేం. నోరు తిరగని చోటల్లా చుక్క పెట్టి పంపు. ఎన్ని చుక్కలైనా సరే, దిద్ది మళ్ళీ పంపుతాను. చుక్కల్లేకుండా వస్తే వదిన పెట్టడం మర్చిపోయిందనుకుంటాను. ఊపిరి కొలతకి కుట్టక్కర్లేదని అన్నది నేనే. ఈ ఒక్క అధ్యాయానికి కొలతలు నీవే తీసుకుంటాను. మిగతా పుస్తకం విషయంలో నా మాట మీదే ఉన్నాను.

అరసున్న


మేడ మీది వాటా,
మే

అరసున్నకి,

నీ కట్ట రాగానే ఆయన రెండుసార్లు చదువుకున్నారు, నోరు మెదపకుండా. "ఉపన్యాసం" దగ్గర నవ్వారు. తర్వాత పెన్సిల్ తీసుకుని లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు. నేను వంటింట్లో గిన్నెలు చప్పుడు కాకుండా సర్దుతూ విన్నాను. మొదట ఏమీ లేదు. తర్వాత దగ్గు. తర్వాత గొంతు.

కాగితం బయటికి వచ్చేసరికి దాని మీద ఆవాలు ఒలికినట్టున్నాయి చుక్కలు. నీకు పంపాను. నువ్వు తోమి పంపావు. మళ్ళీ ఆవాలే, కొంచెం తక్కువ. ఈ నెలంతా మీ అన్నాచెల్లెళ్ళ మధ్య నేను తపాలా బంట్రోతునయ్యాను. "పూత" ఉంచారు, "సమం" తీసేశారు, "మెల్లగా" బదులు నువ్వు "నిదానంగా" పెడితే ఆయన గింజుకుని మళ్ళీ "మెల్లగా"కే వచ్చారు. ఆ ల్ల ఆయనకి రాదు. అయినా మేస్త్రీ మెల్లగా అనే అంటాడని రాసి చూపించారు. ఆ ఒక్క మాట కోసం రెండు రోజులు కుస్తీ పట్టారు. మూడో రోజు వచ్చింది. మొన్నట్నుంచి తలుపు వేసుకోవడం లేదు.

నవల పేరు కూడా తేలింది. "పచ్చి గోడ" అనమన్నాను. చ్చ దగ్గర ఈల వచ్చింది. "తాకరాదు" అనమన్నాను. మధ్యలో రా దొర్లిపోయింది. ఆయనే చిరాకుపడి, నువ్వు పంపిన కాగితంలో మేస్త్రీ కూతురితో అనే మాట మీద వేలు పెట్టి చదివారు. "తడి." డ కొంచెం ద లాగా వచ్చింది. కానీ తడే, స్పష్టంగా. వంటింట్లో ఉన్నా అర్థమయ్యేది. గోడనీ అనొచ్చు, మనిషినీ అనొచ్చు, ఊళ్ళో ఎవరైనా అనే మాట. మనం నెలల తరబడి తల బద్దలు కొట్టుకున్నాం. ఈసారి ఓటు నిజంగా ఆయనదే. నా మాట ఓడిపోయింది, నీ మాటా ఓడిపోయింది. నాకు చాలా సంతోషంగా ఉంది.

నీకు ఫోన్‌లో వినిపిస్తారా అని అడిగాను. తల అడ్డంగా ఊపారు. బలవంతం చెయ్యలేదు. నువ్వూ చెయ్యకు. చదువుతున్నారు, అది చాలు.

వదిన


ప్రెస్సు, ప్రూఫుల గది,
జూన్

వదినా,

ఇది నీకు ఇప్పటికే తెలుసో, అన్నయ్య చెప్పలేదో నాకు తెలియదు. నువ్వు ఓడరేవులో ఉన్న వేళ కాబట్టి బహుశా తెలియదు.

మంగళవారం మధ్యాహ్నం మిషన్లన్నీ నడుస్తున్నాయి. ఫోర్‌మన్ ఫోన్ ఎత్తి, రెండుసార్లు హలో అని, "ఎవరో సరిగ్గా మాట్లాడ్డం లేదండీ, రాంగ్ నంబరనుకుంటా" అని పెట్టెయ్యబోయాడు. ఎందుకో చెయ్యి చాచాను. చెవి దగ్గర పెట్టుకుంటే అవతల మాట లేదు, ఊపిరి ఉంది. ఆ ఊపిరి ఎవరిదో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మీ ఇంటి మెట్లు ఒక్కడే దిగి, మందుల షాపులో నలుగురు నిలబడి ఉండగా, వాళ్ళ ముందే ఫోన్ పట్టుకున్నాడు.

నేను "అన్నయ్యా" అనలేదు. అంటే పలకాల్సి వస్తుందని ఊరుకున్నాను.

కాసేపటికి చదవడం మొదలుపెట్టాడు. ఆఖరి అధ్యాయం, మేస్త్రీ కూతురితో మాట్లాడేది. మిషన్ల మోతలో కొన్ని మాటలు పోయాయి. మోత లేకపోయినా కొన్ని పోయేవే, నేను నిజం దాచను. ఇంతకుముందు విన్న గొంతు కాదు వదినా. మందంగా ఉంది, ఈడుస్తోంది, ఒక్కో మాట దగ్గర ఆగి దాన్ని పట్టుకుని లేస్తోంది. కానీ ఎక్కడ ఆగాలో అక్కడే ఆగాడు. వాక్యం తర్వాత వాక్యం, ఒక్కటి కూడా వదలకుండా, పేజీ చివరిదాకా చదివాడు. "మెల్లగా" కూడా చదివాడు. చదివేసి, నేనేమైనా అంటానేమోనని చూడకుండా ఫోన్ పెట్టేశాడు.

ఆ అధ్యాయంలో ఇంక ఒక్క అక్షరం ముట్టుకోను. అలాగే అచ్చుకి ఇచ్చేశాను. అట్ట మీద "తడి" అని ఒక్క మాటే వెయ్యమన్నాను. ప్రచురణకర్త, మరీ చిన్న పేరేమో ఆలోచించమన్నాడు. ఆలోచించేశామని చెప్పాను.

నేను ఫోన్ పెట్టాక కూడా అక్కడే నిలబడి ఉంటే ఫోర్‌మన్ దగ్గరికొచ్చాడు. "లైన్ బాగాలేనట్టుందండీ, ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఎవరండీ అది?" అని అడిగాడు.

లైన్ బాగానే ఉందన్నాను. వార్తలు చదువుతున్నది మా అన్నయ్య అన్నాను.

అరసున్న